ముందు నా తల మీద పెట్టు

మొదటి కాపలా మనిషిని ఆసుపత్రి లిఫ్టులోనే చంపేశారు. తలుపు తెరుచుకునేసరికి గోడకు చేరగిలబడి ఉన్నాడు. తాగుతున్న టీ కప్పును ఎవరో పక్కన జాగ్రత్తగా పెట్టి వెళ్లారు.

అతని స్థానంలో కుందేలును పంపారు. గూఢచార డిపార్ట్‌మెంటులో అతన్ని అందరూ అలాగే పిలిచేవారు. చిన్న చప్పుడైనా ఉలిక్కిపడతాడు. అందుకే ఇంతకాలం బతికాడు.

చీఫ్ తలుపు మూసి మాట్లాడాడు.

"మాస్టరమ్మ తెలుసుగా?"

"కోడ్ సెక్షన్లో ఆవిడ దగ్గరే నేర్చుకున్నానండీ."

"మనలో ఒకరు పరాయి దేశానికి అమ్ముడుపోయారు. వాళ్ల మెసేజ్ విప్పి ఆ పేరు చదివింది. రూలు ప్రకారం కాగితం కాల్చేసింది. నాకు చెబుదామని ఫోనెత్తింది. అంతే, పక్షవాతం. మాట పోయింది, రాత పోయింది. పేరు లోపలే ఉండిపోయింది. పేరే గానీ ఆ మనిషి ముఖం ఆవిడా చూళ్లేదు."

"మాట మళ్లీ వస్తుందాండీ?"

"తలకి కొద్దిపాటి కరెంటు పెడుతూ మాటలు నేర్పిస్తున్నారు. కొద్దికొద్దిగా రావచ్చంటున్నారు. అప్పటిదాకా ఆవిడ బతికుండాలి. ఆవిడ తినేది, తాగేది, ఒంటికి తగిలేది ఏదైనా సరే, ముందు నీకు తగలాలి."

కుందేలు ఒకడుగు వెనక్కి వేశాడు. "కరెంటు కూడానా అండీ?"

"కరెంటు కూడా."

చిన్నప్పుడు తడిచేత్తో స్విచ్ ముట్టుకున్నవాడు అతను. ఇప్పటికీ బల్బు మార్చాలంటే పక్కింటివాళ్లను పిలుస్తాడు.

మాస్టరమ్మకు మేనల్లుడిగా వేషం వేసుకుని ఆసుపత్రిలో దిగాడు. పెళ్లాం వేషంలో నెమలి వచ్చింది. వేరే బ్రాంచి నుంచి కొత్తగా బదిలీ అయిన ఏజెంటు. పట్టుచీర, సెంటు వాసన. బ్యాగులో ఒకే ఒక్క గుండు పేలే లిప్‌స్టిక్.

"ఎండ బాగా ఉందా?" అన్నాడు కుందేలు తలుపు సందులోంచి.

"గొడుగు తెచ్చాను," అంది నెమలి. కోడ్ సరిపోయింది. "తీయండి మహానుభావా. పెళ్లాన్ని గుమ్మంలో నిలబెడతారా ఎవరైనా?"

వైద్యం గదికి కిటికీలు లేవు. మంచం, బల్ల, మూలన ఇనుప బీరువా. టెక్నీషియన్ పొట్ట పెద్దది, మాట మెత్తన. రెండు స్పాంజి ముక్కల్ని ఉప్పునీళ్లలో తడిపి రబ్బరు పట్టీలో దోపాడు. పట్టీ వైరు అరచేతిలో పట్టే చిన్న పెట్టెకు తగిలించాడు.

"ముందు నా తల మీద పెట్టు," అన్నాడు కుందేలు. గొంతు కీచుమంది.

"మీకెందుకు సార్?"

"మా అత్తయ్యకి ఏం పెడుతున్నారో నాకు తెలియాలి."

"ఇది షాక్ కాదు సార్. కరెంటు వెళ్లి తలుపు తడుతుంది, అంతే. తీయడం లోపలివాళ్ల ఇష్టం. బ్యాటరీ పెట్టె. తల మీద ఉండగా గోడ ప్లగ్గు జోలికి పోకూడదు, అదొక్కటే మాకు పెద్ద రూలు."

కుందేలు కళ్లు మూసుకున్నాడు. నుదుటి మీద చీమలు పాకినట్టయింది. కాసేపటికి అవీ పోయాయి. చొక్కా మాత్రం వీపుకు అతుక్కుపోయింది.

తర్వాత పట్టీ మాస్టరమ్మకు పెట్టారు. టెక్నీషియన్ బొమ్మల అట్టలు చూపించాడు.

"ఇదేంటమ్మా?"

ఆమె చెంచా బొమ్మ వంక చూసింది. పెదవులు కష్టపడ్డాయి. "రేపు," అంది.

తలుపు బొమ్మకీ రేపే. పిల్లి బొమ్మకీ రేపే. ఆమెకు మిగిలింది ఆ ఒక్క మాటే. కళ్లలో నీళ్లు తిరిగాయి.

రోజూ అదే పని. ముందు కుందేలు తల, తర్వాత ఆమె తల. గదిలోకి రాగానే లోపల తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకునేవాడు. నెమలి నవ్వేది.

"ఇంత పిరికి మొగుణ్ని నాకు అంటగట్టారేంటండీ బాబూ!"

మూడో వారంలో ఒక ఉదయం, మాస్టరమ్మ చెంచా బొమ్మను చాలాసేపు చూసింది. "చెం... చెంచా," అంది.

టెక్నీషియన్ ఎగిరి గంతేశాడు. నెమలి చప్పట్లు కొట్టింది. చప్పట్లు కాస్త ఆలస్యంగా మొదలయ్యాయి.

మర్నాడు కుందేలు వచ్చేసరికి టెక్నీషియన్ లేడు. పట్టీ అప్పటికే మాస్టరమ్మ తల మీద ఉంది. పెట్టె నెమలి చేతిలో ఉంది.

"ఆయన ఉప్పునీళ్లకి స్టోరుకెళ్లాడు. నన్ను కానిమ్మన్నాడు," అంది. "ఇవాళ నువ్వు పెట్టుకోకులే. ఆ చేతులు చూడు, ఎలా వణుకుతున్నాయో. చీఫ్‌కి చెప్పన్లే."

ఆ మాటతో కుందేలుకు ప్రాణం లేచొచ్చింది. అలవాటుగా తాళం వేసి కుర్చీలో కూలబడ్డాడు. హాయిగా ఉంది. ఎన్నాళ్లుగానో ఇంత హాయి లేదు.

చటుక్కున తలెత్తాడు. భయస్తుడికి హాయిగా ఉందంటే ఎక్కడో ఏదో తేడా ఉంది.

గది చుట్టూ చూశాడు. నెమలి చీర కుచ్చిళ్ల వెనక నుంచి సన్నటి నల్ల వైరు నేల మీద పాకుతోంది. పెట్టె నుంచి బీరువా వెనక్కి. బీరువా వెనక గోడ ప్లగ్గుంది.

"ఆ వైరేంటి?"

"బ్యాటరీ అయిపోయింది. చార్జింగ్ పెట్టాను."

కుందేలు కుర్చీలోంచి లేచాడు. "అయితే... ముందు నువ్వు పెట్టుకో."

"నేనా? ఎందుకు?"

"నాకైతే భయం. నీకు లేదుగా."

నెమలి ముఖంలో రంగు మారింది. అరక్షణం. ఆ తర్వాత ఆమె బొటనవేలు స్విచ్ మీదకు వెళ్లింది.

కుందేలు దూకాడు. పట్టీని రెండు చేతులా పట్టి లాగి విసిరేశాడు. స్పాంజిలు ఇనుప బీరువాకు కొట్టుకున్నాయి. నీలిమంట లేచింది. టప్‌మని లైట్లన్నీ ఆరిపోయాయి.

కటిక చీకటి. కాలిన వాసన. అందులోంచి సెంటు వాసన దగ్గరకొస్తోంది.

పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అయినా పాక్కుంటూ వెళ్లి మాస్టరమ్మకు అడ్డంగా పడుకున్నాడు. గుండు పేలింది. చెవి పక్కన దిండు చిరిగింది. లిప్‌స్టిక్‌లో ఇంకో గుండు లేదు. ఆ తర్వాత తలుపు గొళ్లెం గడగడలాడింది. తాళంచెవి కుందేలు జేబులో ఉంది.

అప్పుడు అతని కిందనుంచి ఒక గొంతు. బొంగురుగా, విసుగ్గా.

"వెధవా! లై... లైటెయ్యి!"

తుపాకీ మోతకు గార్డులు తలుపు బద్దలుకొట్టి వచ్చారు. నెమలి చేతులెత్తింది. స్టోరులో కట్టేసి ఉన్న టెక్నీషియన్ దొరికాడు. బతికే ఉన్నాడు.

చీఫ్ ఫోన్ చేశాడు.

"మాస్టరమ్మ ఏమైనా మాట్లాడిందా?"

"మాట్లాడారండీ. వెధవా అన్నారు."

"ఎవర్ని?"

"నన్నేనండీ."

చీఫ్ ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే వైద్యం పనిచేస్తోంది. మనిషిని సరిగ్గానే గుర్తుపట్టింది."