కాలు తగిలిన మాన్యువల్

ఖమరుద్దీన్ చనిపోయి ఆరేళ్ళయింది. అయినా దగ్గడం మానలేదు.

ఏజెంట్ వీరబ్రహ్మం ఈ సంగతి పై అధికారులెవరికీ చెప్పలేదు. చెబితే ముందు డాక్టరు దగ్గరికి, ఆ తర్వాత డెస్కు దగ్గరికి పంపిస్తారు. మస్కట్ ఎయిర్‌పోర్టులో దిగగానే మొదటి దగ్గు వినిపించింది. అల్ హైల్‌లో టాక్సీ దిగేసరికి రెండోది. పొడి దగ్గు, చివర్లో చిన్న ఈల. లోకంలో అలా దగ్గినవాడు ఒక్కడే. వాడు ఒమన్‌లోనే, ఇబ్రీ అనే ఎడారి ఊరి శివార్లలో ఇసుక కింద ఉన్నాడు.

2008 నవంబరు. మధ్యాహ్నం రెండు గంటలు. షాపులన్నీ షట్టర్లు దించుకుని కునుకు తీస్తున్నాయి. ఒక్క జిరాక్స్ షాపు షట్టరు మాత్రం నడుమెత్తున లేచి ఉంది. వీరబ్రహ్మం వంగి లోపలికి దూరాడు.

"కలరా, బ్లాక్ అండ్ వైటా?" కౌంటర్ వెనక మనిషి అడిగాడు.

"రెండు వైపులా."

కోడ్ సరిపోయింది. కౌంటర్ వెనక మనిషి పేరు ఇస్రాయేలు, ఊరు రాజోలు. లోకానికి జిరాక్సులు తీసిపెట్టే ఈ గూఢచారి స్టేషన్ చీఫ్ అసలు వృత్తి ఒరిజినల్స్ కొట్టెయ్యడం.

"కూచోండి గురూగారూ. ఆ కుర్చీకి మూడు కాళ్ళేనండోయ్, కాస్త గోడకి ఆనండి."

ఒక ఫోటో ముందుకు జరిపాడు. మాసిన ఆకుపచ్చ అట్ట, చెదలు తిన్న అంచులు.

"ఇదేంటి?"

"మాన్యువల్ అండి. యుద్ధకాలం నాటి రైఫిల్‌ది. నలభై తుపాకులు చేసి ఆపేశారు. తుపాకులు దొరుకుతున్నాయి గానీ పుస్తకాలే దొరకవు. మూడుంటే, రెండు పోయినేడు గోనూ తుఫానులో నానిపోయాయి. దీనికోసం కలెక్టర్లు కొట్టుకు చస్తున్నారు."

"కలెక్టర్లా?"

"జిల్లా కలెక్టర్లు కాదండీ బాబూ, తుపాకుల కలెక్టర్లు! చేతిలో గన్నుంటే చాలదు, పక్కన దాని గ్రంథం ఉండాలి. లేకపోతే పెళ్ళికొడుకొచ్చి పురోహితుడు రానట్టు."

వీరబ్రహ్మం నవ్వాడు. ఇస్రాయేలు నవ్వలేదు.

"నలభై ఒకటో పేజీ మార్జిన్‌లో ఖమర్ చేతిరాత ఉందండి."

వెనకెక్కడో దగ్గు. వీరబ్రహ్మం తల తిప్పలేదు.

ఆరేళ్ళ క్రితం ఖమరుద్దీన్ ఇరానీ కార్పెట్ల వ్యాపారి వేషంలో ఒక విదేశీ ఆయుధాల ముఠాలో దూరాడు. లోపలి కబుర్లు అతనికి చేరవేసినవాడు ఇబ్రీలో గడియారాలు బాగుచేసే రషీద్. అతని పేరు, చిరునామా ఖమర్ ఆ మాన్యువల్లోనే, రషీద్ కళ్ళముందే రాసుకున్నాడు. నాలుగోరోజున ముఠా ఖమర్‌ని కాల్చేసింది. పాతిపెట్టింది రషీదే. పుస్తకం చేతులు మారి మస్కట్‌లోనే ఖురంలో ఉండే ఒక ముసలి కలెక్టర్ లాకర్‌కు చేరింది.

"ఆ ముసలాయన పోయాడండి. లాయరు ఈరోజే లాకర్ తెరిచాడు. నాలుగింటికి అమ్మకం. అందులో పేరుందని ముఠాకి ఇప్పుడే ఉప్పందింది."

"రషీద్‌ని అక్కడ్నుంచి తప్పించొచ్చుగా?"

"నలుగురు మనవరాళ్ళతో ఎక్కడికి పోతానంటాడు. పేరు బయటపడితే వారం తిరక్కుండా ఆ ఇంట్లో గడియారాలన్నీ ఆగిపోతాయండి."

"ఖమర్ ఎలా దొరికిపోయాడు? ఫార్సీ గడగడా మాట్లాడేవాడే!"

"అదే అంతుబట్టలేదండి, ఈనాటికీ."

ఇస్రాయేలు కొత్త పాస్‌పోర్టు తీశాడు. సెన్యోర్ వియేరా బ్రామో, బ్రెజిల్, తుపాకుల కలెక్టర్.

"వీరబ్రహ్మాన్ని వియేరా చేశావా! మా నాన్న వింటే నిన్ను జిరాక్స్ మెషీన్లో పెట్టి మూత వేసేవాడు."

"ఈ పెన్ను జేబులో పెట్టుకోండి. అక్కడ మాట్లాడిందంతా నాకు వినిపిస్తుంది. బ్రోకరు పేరు ఉమైమా. మన మనిషే."

"నమ్మొచ్చా?"

"వాళ్ళ మనిషి కూడానండి."

*

ఖురంలో ఆ ముసలి కలెక్టర్ విల్లా హాల్లో గోడల నిండా తుపాకులు. నేల మీద తివాచీ, గోడవారన దిళ్ళు. ఉమైమా నల్లటి పట్టు అబాయాలో మెరుపుతీగలా వచ్చి కూర్చుంది. ఆమె అత్తరు గదిలోకి ఆమెకంటే ముందే వచ్చింది. ఇంత అందాన్ని గోడకు తగిలించి లైసెన్సు అడగాల్సింది అనుకున్నాడు వీరబ్రహ్మం.

"వెల్‌కమ్, సెన్యోర్," అని ఇంగ్లీషులో పలకరించి, మాన్యువల్‌ను తివాచీ మీద పెట్టింది.

పనిమనిషి దల్లాతో, అంటే పొడుగు ముక్కు కాఫీ కూజాతో వచ్చి చిన్న కప్పులో కహ్వా పోసింది. ఇక్కడి మర్యాద ఒకటుంది. అతిథి ఖాళీ కప్పును ఊపేదాకా పోస్తూనే ఉండాలి. ఊపితే చాలని అర్థం. అతను తాగేశాక పనిమనిషి మళ్ళీ నింపడానికి వంగింది. దారి ఇద్దామని వీరబ్రహ్మం కాళ్ళు ముడుచుకున్నాడు.

బొటనవేలు పుస్తకానికి తగిలింది.

పాతికేళ్ళ ట్రైనింగ్ ఒక్క క్షణం గాలికి పోయింది. చెయ్యి దానంతటదే వెళ్ళి అట్టను తాకింది, దానంతటదే తిరిగొచ్చి కళ్ళకద్దుకుంది. బ్రెజిల్ అక్కడే కుప్పకూలింది.

పనిమనిషి అతన్ని చూసి ఏదో అనబోయి, ఆగి, లోపలికి వెళ్ళింది.

ఉమైమా చేతిలో పిస్టల్ మొలిచింది.

"బ్రెజిల్‌లో పుస్తకాలకు దండం పెడతారా, సెన్యోర్? ఆరేళ్ళ కిందట ఇబ్రీలో ఒక ఇరానీ వ్యాపారి కూడా అచ్చం ఇలాగే చేశాడు. ఇదే పుస్తకానికి. అతన్ని వాళ్ళకు పట్టించింది నేనే."

ఆరేళ్ళ ప్రశ్నకు జవాబు ఇంతేనా? ఖమర్‌కీ తనకీ దేవుడు వేరైనా నాంపల్లి బడిలో బెంచీ ఒకటే. తొక్కిన ప్రతి పుస్తకాన్నీ ఇద్దరూ ఒకేలా కళ్ళకద్దుకున్నారు. వేషం మారింది, భాష మారింది, కాలు మాత్రం ఇండియా పాస్‌పోర్టు మీదే తిరుగుతోంది.

ఆమె ఎడంచేత్తో పేజీలు తిప్పింది. నలభై ఒకటి. మార్జిన్లో నీలిసిరా. ఖమర్‌కు ఇంకుపెన్ను పిచ్చి, ఏ చొక్కా వేసినా జేబు నీలమే. ఉమైమా మొహం చిట్లించింది. రాసింది తెలుగులో.

"పరవాలేదు. చదివేవాళ్ళు చదువుకుంటారు." పుస్తకాన్ని తివాచీ మీద విప్పి పెట్టి కెమెరా ఫోను తీసింది.

వీరబ్రహ్మం కప్పు దించబోయాడు. చెవి పక్కనే దగ్గు. ఈలతో సహా. చెయ్యి ఆగింది. అందులోది గడగడా తాగేసి, కప్పును ఊపకుండా గుమ్మం వైపు చాచి పట్టుకున్నాడు.

పనిమనిషి దల్లాతో పరుగున వచ్చింది. ఉమైమా పిస్టల్‌ను అబాయా మడతలో దాచి పళ్ళు కొరికింది. అతిథి కప్పు ఊపలేదు, పొయ్యక తప్పదు.

"ఏ ఊరమ్మా?" అన్నాడు తెలుగులో.

"బద్వేలు తట్టు సార్. నా పేరు శ్రీలక్ష్మి. మీరు పుస్తకానికి మొక్కినప్పుడే అనుకుంటి, మనోళ్ళేనని!"

"ఏమంటున్నావు?" ఉమైమా గద్దించింది.

"కాఫీ బాగుందంటున్నా." మళ్ళీ తెలుగులోకి దిగాడు. "అమ్మా, ఆ కహ్వా అంతా ఈ పేజీ మీద పొయ్యి. ఇప్పుడే."

శ్రీలక్ష్మి బిత్తరపోయింది. "పుస్తకం మీదనా? సరస్వతి సార్! కండ్లు పోతాయి!"

"ఆ పేరు బయటికి పోతే ఒక ముసలాయన ప్రాణం పోతుంది. రాసినోడూ మనోడే. వాడే పొయ్యమంటున్నాడు."

ఫోను కెమెరా పేజీ మీదికి వంగింది. శ్రీలక్ష్మి ఉన్నట్టుండి భుజం మీదుగా వెనక్కి చూసింది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

"ఎవురో దగ్గినారు సార్," అంది సన్నగా.

ఇన్నేళ్ళూ అది తనొక్కడికే వినిపిస్తుందనుకున్నాడు వీరబ్రహ్మం.

ఆమె వంగి, పుస్తకం అంచు తాకి కళ్ళకద్దుకుని, "తప్పయిపాయె తల్లీ," అంటూ దల్లా గుమ్మరించింది. పొగలు లేచాయి. ఫోను క్లిక్కుమనేలోపే అక్షరాలు కదిలాయి, కరిగాయి, నీలంగా తివాచీలోకి జారిపోయాయి.

ఉమైమా పిస్టల్ ఎత్తింది. గేటు దగ్గర పోలీసు జీపు ఆగిన చప్పుడు. పెన్ను తన పని తను చేసింది. ఆమె ఒక్క క్షణం ఆలోచించి పిస్టల్‌ను హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"ఇస్రాయేలుకు చెప్పు. ఈ నిమిషం నుంచి నేను మీ మనిషినే."

"జైల్లో రెండు వైపులా గోడలే మేడమ్. ఏ వైపు కావాలో మీ ఇష్టం."

*

మర్నాడు మధ్యాహ్నం ఇబ్రీ నుంచి రషీద్ ఫోన్ చేశాడు. మనవరాళ్ళ గోలలో సగమే వినబడింది. ఫోన్ పెట్టేసి ఇస్రాయేలు రిపోర్టు రాస్తూ, 'పాల్గొన్నవారు: ఇద్దరు' అన్నాడు. వీరబ్రహ్మం పెన్ను లాక్కుని కొట్టేసి 'నలుగురు' అని రాశాడు.

"మూడోది ఆ శ్రీలక్ష్మమ్మ, సరేనండి. మరి నాలుగోవాడి సంతకం?"

వీరబ్రహ్మం కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. అల్ హైల్ అంతా నిద్రపోతోంది. ఎక్కడా దగ్గు లేదు.

"తివాచీ మీద పెట్టేశాడు గురూ. చదవడానికే వీల్లేదు."