మూడో ట్యాంకు నోరు కట్టేశారు

ఆ నూనె మిల్లులో చీకటి పడ్డాక మూడో ట్యాంకు వైపు ఎవరూ వెళ్ళరు.

తప్పనిసరైతే జంటగా వెళ్తారు. జంటలో ఎవరు ముందు నడవాలన్న దాని మీద ఇంకాసేపు గొడవపడతారు. మిల్లు వెనక పెరట్లో మేడంత ఎత్తున ఇనప ట్యాంకులు వరసగా ఉన్నాయి. మిగతావన్నీ ట్యాంకుల్లాగే పడి ఉంటాయి. మూడోది మాత్రం... మూలుగుతుంది.

నేను వినలేదు. మా పిన్ని విన్నది. ఆ మిల్లులో ట్యాంకులు కడిగే పని ఆవిడది.

"పొద్దు వాలి చల్లగాలి తిరిగితే చాలు, దాని నెత్తి మీద గొట్టంలోంచి మొదలవుతుందే. ఊఁ... అని. ఆగుతుంది. పోయిందిలే అనుకుంటామా — మళ్ళీ ఊఁ..."

అందులో ఎవరో పడి చచ్చారట. ఎవరు? తెలీదు. ఎప్పుడు? ఎప్పుడో. చచ్చినవాణ్ణి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు, వాడి ఏడుపు విన్నవాళ్ళు మాత్రం మిల్లు నిండా ఉన్నారు! ఇలాంటి సాక్ష్యాలతో ఏ కోర్టైనా ఆ దెయ్యాన్ని నిర్దోషి అని వదిలేస్తుంది కదా పిన్నీ, అన్నాను.

"నువ్వు నోరు మూసుకుని వింటావా, నన్ను మూసుకోమంటావా?"

విన్నాను. మీరూ వినండి.

పిన్నికి పనిలో జోడీ ఒకావిడ ఉంది. మిల్లంతా ఆవిణ్ణి సైరన్ అంటారు. ఆ గొంతు అలాంటిది మరి. పిన్నికి అక్క వరస, కాబట్టి నాకు పెద్దమ్మ. పిన్ని పనిలో చేరిన కొత్తలో నిచ్చెన ఎక్కాలంటే కాళ్ళు వణికేవట. అప్పుడు కింద నిలబడి, "పడితే నా మీదే పడతావు, మెత్తగానే ఉంటాను, ఎక్కు!" అన్న మనిషి ఆవిడ. అంత ధైర్యవంతురాలికీ మూడో ట్యాంకంటే చెమటలే.

"సాయంత్రం షిఫ్టులో దాని దగ్గర పని చెయ్యను," అని ఒకరోజు ఆవిడ తేల్చేసింది. ఆవిడ వెనకే ఇంకొందరు.

సూపర్‌వైజర్ నోటికి ఎప్పుడూ ఒకటే మాట — తొందర. అందుకే చాటున తొందర సారంటారు. ఆయన చిరాగ్గా పైకి చూశాడు.

"కూత ఆ గొట్టంలోంచే కదా వస్తోంది? దాని నోరు కట్టెయ్యండి. పీడ వదిలిపోతుంది. తొందరగా!"

కట్టింది పిన్నే. నిచ్చెనెక్కి, గొట్టం నోట్లో చెక్క బిరడా దిగ్గొట్టి, పైన రబ్బరు ముక్క చుట్టి, ఇనప తీగతో బిగించింది. ఆ సాయంత్రం చల్లగాలి తిరిగింది. అందరూ చెవులు రిక్కించారు...

కూత లేదు.

హమ్మయ్య అనుకున్నారు. అదీ వాళ్ళు చేసిన పని. దెయ్యం నోరు మూయించామనుకున్నారు.

ఇక్కడ ట్యాంకు ఎలా కడుగుతారో చెప్పాలి. లోపల నూనె ఖాళీ అయ్యాక, గోడలకంటిన జిడ్డు కరిగేదాకా వేడి ఆవిరి పంపుతారు. కరిగి కారినదంతా తీసేస్తారు. తర్వాత దుమ్మూ పురుగూ పడకుండా, పక్కన నడుమెత్తున ఉండే గుండ్రటి ఇనప తలుపు మూసి బోల్టులు బిగిస్తారు. మర్నాడు చల్లారాక ఒకరు లోపలికి దూరి గుడ్డలతో తుడుస్తారు.

దూరేవాళ్ళు చెప్పులు తలుపు దగ్గర విడవాలి. చెప్పులు కనిపించాయంటే లోపల మనిషి ఉన్నట్టే. మూసేవాళ్ళు లోపలికి తొంగిచూసి, "ఎవరున్నారు?" అని కేకెయ్యాలి. జవాబు రాకపోతేనే మూయాలి. మంచి పద్ధతి.

కానీ మూడో ట్యాంకులో తల పెట్టి ఎవరున్నారని అడిగే ధైర్యం ఎవరికుంది? జవాబు వస్తేనో?

ఆ మర్నాడు పొద్దు వాలే వేళకి మూడో ట్యాంకుకి ఆవిరి పట్టడం అయింది. కింద కుళాయి కట్టేశారు. తలుపు ఇంకా బార్లా తెరిచే ఉంది, లోపల్నుంచి తెల్లటి పొగ. ఉన్నట్టుండి ఆకాశం నల్లబడింది.

"వాన! వాన! లోపల నీళ్ళు పడతాయి. మూసెయ్, తొందరగా!" — ఎక్కడినుంచో సూపర్‌వైజర్ కేక.

పిన్ని మొహం పక్కకి తిప్పుకుని తలుపు తోసింది. తొంగిచూడలేదు. కేకెయ్యలేదు. అటు చూడకుండానే బోల్టులు బిగించేసి పానా పట్టుకుని పరుగెత్తింది.

వాన దబదబా కురిసింది.

సామాన్ల గదిలో చేతులు తుడుచుకుంటూ చూసింది — అక్క లేదు. బట్టలు మార్చుకునే గదిలో లేదు. "సైరన్ ఏదీ?" అని ఎవర్నో అడిగితే, "ఇందాక నీతోనే ఉందిగా, ట్యాంకు దగ్గర?" అన్నారు.

పిన్ని వరండా చివరి దాకా నడిచింది. స్తంభానికి ఉన్న బల్బు వెలుగులో వాన గీతలు గీతలుగా పడుతోంది. దాని వెనక మూడో ట్యాంకు. తడిసిన ఒంటి మీద నుంచి పొగలు...

తలుపు కింద ఒక జత చెప్పులు.

ఒకదాని పట్టీకి పిన్నీసు. అక్క చెప్పులు.

పొగలు కక్కే ట్యాంకులోకి ఎవరూ దూరరు. అది పిన్నికి తెలుసు. కానీ తొంగిచూసిందేమో? కాలు జారిందేమో? అసలే జిడ్డు నేల. మూసేటప్పుడు లోపల... చూడనేలేదు. పిలవనేలేదు. బోల్టులు బిగించింది తన చేతులే.

అప్పుడు వినపడింది.

టంగ్...

లోపల్నుంచి. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ —

టంగ్... టంగ్...

ఎవరో గోడ తడుతున్నారు.

పిన్ని వానలోకి దూకింది. దెయ్యమో, అక్కో — ఇప్పుడు తేల్చుకునే టైము లేదు. అక్క అయితే లోపల ఉడికిపోతోంది. చేతులు జారుతున్నాయి, పానా జారుతోంది. ఒక బోల్టు ఊడింది. ఇంకోటి. లోపల ఏదో కీచుమంది, ఇనుము మీద గోళ్ళతో గీకినట్టు. అక్కా అని పిలుద్దామనుకుంది. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. పెదాలు కదిలాయి... అంతే.

ఆఖరి బోల్టూ ఊడి బురదలో పడింది. పిడి పట్టుకుని లాగింది.

తలుపు రాలేదు.

పానా కింద పడేసి రెండు చేతులతో లాగింది. కదల్లేదు. ట్యాంకు గోడకి కాలు తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వేలాడేసి లాగింది. బోల్టు లేదు, గడియ లేదు — అయినా తలుపు అంగుళం కదల్లేదు. లోపల ఎవరో పిడి పట్టుకుని, తనకంటే పెద్ద బలంతో, అటు లాగుతున్నారు.

టంగ్! — ఈసారి సరిగ్గా తన మొహం ముందు.

కళ్ళెత్తింది. ఎదురుగా ఉన్న ఇనప గోడ... మెల్లగా... లోపలికి పోతోంది. ఊపిరి బిగబట్టినవాడి డొక్కలా.

వెనకనుంచి ఒక చెయ్యి మెడ మీద పడింది.

పిన్నికి పైప్రాణాలు పైనే పోయాయి. ఆ చెయ్యి జాకెట్టు పట్టుకుని ఈడ్చింది. బురదలో వెల్లకిలా, మోచేతులు గీసుకుపోతూ, దూరంగా... ఇంకా దూరంగా —

ధన్‌!

నేల అదిరింది. మిల్లు అద్దాలు గలగలమన్నాయి. మేడంత ట్యాంకు, కనపడని పిడికిలి ఏదో పట్టి నలిపినట్టు, కళ్ళముందే నడుం విరిగి ముడుచుకుపోయింది. నిచ్చెన తెగింది. పైనున్న ఇనప గొట్టాలు, ఇందాక పిన్ని నిలబడ్డ చోటే, బురదలో నిలువునా దిగబడ్డాయి.

తర్వాత వాన చప్పుడే.

పిన్ని భయంభయంగా తల తిప్పి చూసింది. సైరన్ పెద్దమ్మ. వట్టి కాళ్ళు, చెదిరిన జుట్టు, రొప్పుతోంది.

"నువ్వు... లోపల..." అని పిన్ని గొణిగింది.

"లోపలేంటే నీ మొహం! షెడ్డులో ఉన్నాను."

"చెప్పులు...?"

"జిడ్డు మీద వాన పడితే చెప్పులతో పరుగెత్తమంటావా? నడుం విరగ్గొట్టుకోనా? అక్కడే వదిలేశాను!"

అని, పిన్నిని గట్టిగా వాటేసుకుని భోరుమంది.

మర్నాడు మిల్లంతా ఆ ముద్ద చుట్టూ మూగింది. సూపర్‌వైజర్ అందరికంటే ముందు తీర్పు చెప్పేశాడు: "నోరు కట్టామని పగబట్టింది. దెయ్యంతో మనమేం చేస్తాం?" చూశారా తెలివి! దెయ్యమంటే దెయ్యాన్ని ఎవరూ సంజాయిషీ అడగరు. ఇంకో కారణమంటే, గొట్టం మూయమన్నది ఎవరని అడుగుతారు. ఇన్నాళ్ళూ ఆ దెయ్యం ఎవర్ని భయపెట్టిందో గానీ, ఆ ఒక్కపూటా ఎవర్ని కాపాడిందో నాకు బాగానే అర్థమైంది.

పిన్ని మాత్రం అప్పట్నుంచి నిద్రపోవడం మానేసింది. కళ్ళు మూసుకుంటే తలుపు అటు లాగుతున్న చేతులు. పని మానేస్తానంది. ఆ పని మీదే ఇల్లు నడుస్తోంది. అందుకే ఒక ఆదివారం మధ్యాహ్నం సైరన్ పెద్దమ్మని కూడా పిలిచి ఇద్దర్నీ మా వంటింట్లో కూర్చోబెట్టాను. ఖాళీ నూనె డబ్బా ఒకటి తీసి, గ్లాసెడు నీళ్ళు పోసి, మూత పెట్టకుండానే పొయ్యి మీద పెట్టాను.

"టీ పెట్టమంటే డబ్బా పెట్టావేంటే?" అంది పెద్దమ్మ.

"చూడు పెద్దమ్మా."

నీళ్ళు మరిగాయి. మూతిలోంచి ఆవిరి బుసలు కొట్టింది. గుడ్డతో పట్టుకుని దింపి, మూత బిగించి, తొట్లో పెట్టి చెంబుడు చన్నీళ్ళు కుమ్మరించాను.

టంగ్...

పిన్ని పీట మీదనుంచి లేచి నిలబడింది.

టంగ్, టంగ్... ఎవరూ ముట్టుకోకుండానే డబ్బా డొక్కలు పీక్కుపోయి, మెలితిరిగి, కర్రుమని నలిగిపోయింది.

"లోపల ఎవరున్నారు పిన్నీ?"

"...ఎవరూ లేరు."

"గాలి కూడా లేదు. ఆవిరి దాన్ని బయటికి తరిమేసింది. తర్వాత చల్లబడి ఆవిరి కాస్తా చారెడు నీళ్ళయింది. ఇక లోపలంతా వట్టిదే. బయటి గాలి ఊరుకుంటుందా? అది ఎప్పుడూ మనందర్నీ అన్నివైపులా నొక్కుతూనే ఉంటుంది. లోపల కూడా గాలి ఉంటే అటునుంచి తిరిగి నొక్కుతుంది, సరికి సరి. లేకపోతే ఇదిగో, ఇంతే."

"గాలికి అంత బలమా?" పెద్దమ్మ డబ్బాని వేలితో పొడిచి చూసింది.

"నీ తలుపు అటు లాగిందెవరు పిన్నీ? ఎవరూ లాగలేదు. ఇటునుంచి గాలి అదిమిపెట్టింది. తట్టిందెవరు? రేకు లోపలికి సొట్టపడుతూ చేసిన చప్పుడది. రోజూ సాయంత్రం ఆ మూలుగు? చల్లబడ్డ ట్యాంకు గొట్టంలోంచి గాలి లోపలికి పీల్చుకుంటోంది. అది దాని ఊపిరి. మీరంతా కలిసి దాని ముక్కు మూశారు!"

పిన్ని ఆ డబ్బాని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మొహంలో బిగువు మెల్లగా వదిలింది. ఎన్ని రోజులకో నవ్వింది. "అయితే రేపు వెళ్తానక్కా పనికి. వెళ్ళగానే అన్ని ట్యాంకుల గొట్టాలూ చూసుకుంటా. కూసుకోనీ ఎంత కూస్తాయో."

"నేనూ వస్తా పద," అంది పెద్దమ్మ. "అయినా అంత వణుకులోనూ నన్ను పిలిచావు చూడు, అదీ నీ బుర్ర. లేకపోతే నేను ఆ చీకట్లో అటు వచ్చేదాన్నా? షెడ్డు రేకుల మీద వానకి పక్క మనిషి మాటే వినపడట్లేదు. నీ గొంతు మాత్రం, 'అక్కా... రా... అక్కా... రా...' అని, చెవిలో చెప్పినట్టు."

"ట్యాంకు డోలులాంటిది పెద్దమ్మా," అని నేను వెంటనే అందుకున్నాను. "పిన్ని అరుపు ఆ రేకుకి తగిలి —"

పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది.

"నేనెక్కడ పిలిచానక్కా?" అంది, గుసగుసగా. "నా నోట్లోంచి గాలి కూడా రాలేదు."