చట్రంలో పలికిన పేరు

2006 ఆగస్టు. నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్ళ సొసైటీ మేడమీద ఓ గది అడిగి తీసుకున్నాను. మనిషి మాట్లాడేటప్పుడు నాలుక ఎలా కదులుతుందో చూడడం నా పరిశోధన. తల అటూ ఇటూ పోకుండా ఒక చట్రంలో బిగిస్తాను. గడ్డం కింద స్కానింగ్ మిషన్ ఆనిస్తాను. తెర మీద నాలుక తెల్లటి గీతలా కనిపిస్తుంది.

బయట ముసురు. గదినిండా తడిసిన గోనెపట్టా వాసన. ఆ రోజు చివరి మనిషి వీరవేణి. ఆమె భర్త వేటకెళ్ళిన పడవ రావాల్సిన రోజు దాటి మూడు రోజులైంది. అయినా నాకిచ్చిన మాట కోసం వచ్చింది.

నేనన్న పదమల్లా తిరిగి చెప్పింది. ఇరవయ్యో పదం దగ్గర ఆగిపోయింది. ‘సత్తియ్య’. త కింద త ఒత్తున్న పదం కావాలని ఆ పేరు నేనే జాబితాలో రాసుకున్నాను, ఎవరినీ అడక్కుండా.

“మా ఆయన పేరండి. పెళ్ళాం నోటంట వస్తే ఆయుష్షు తగ్గిపోద్దండి,” అంది మెల్లగా.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నాకోసమే పుట్టిన సామెత. “గొంతు పైకి రానక్కర్లేదమ్మా. ఊరికే నాలుక కదిపితే చాలు. మిషన్‌కి కావాల్సింది అదే,” అన్నాను.

కళ్ళు మూసుకుని కదిపింది. చప్పుడు లేదు. తెర మీద నాలుక కొన లేచి, పళ్ళ వెనక ఆగి, దిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

“అయిపోయింది.”

తెర మీద నాలుక ఆగలేదు. మళ్ళీ లేచింది... ఆగింది... దిగింది. అదే పేరు.

“ఇక చాలమ్మా.”

“నేను కాదండి...” గొణిగింది.

ఆమె ఆ మాట అంటున్నప్పుడు కూడా తెర మీద అదే పేరు.

గబగబా మరలు విప్పి ఆమె తల బయటికి తీశాను. చట్రం ఖాళీ. తెర మీద నాలుక కదులుతూనే ఉంది... ఇప్పుడు పేరు కాదు. నాలుగేళ్ళుగా నాలుకలు చదువుతున్నదాన్ని, తెలిసిపోయింది. ‘వత్తన్నా...’

వైరు పీకేశాను.

సాయంత్రం పడవ వచ్చింది. సత్తియ్య బతికే ఉన్నాడు. మధ్యాహ్నం సరిగ్గా ఆ వేళకే ఎవరో పిలిచినట్టు “వత్తన్నా” అని కేకేసి నీళ్ళలోకి దూకాడట. తోటివాళ్ళు పైకి లాగారు. అప్పట్నుంచీ నోరు తెరుస్తాడు, మాట రాదు.

మర్నాడు స్టేషన్లో వీరవేణి నా మిషన్ పెట్టె పట్టుకుని వదల్లేదు.

“ఆయన మాట మీ మిషన్లో ఉండిపోయిందండి... ఇచ్చెయ్యండి.”

పెట్టె లాక్కున్నాను. సిగ్గుతో, భయంతో రైలెక్కేశాను.

ఆ ఇరవయ్యో పదం రికార్డు ఎక్కించిన సీడీ మీద ‘పదకొండు సెకన్లు’ అని నా చేత్తో నేనే రాశాను. నిన్న పెట్టి చూశాను. నలభై నిమిషాలైనా... అయిపోలేదు.