సాంబ్రాణి పీల్చిన మిషన్

నందితతో హేమచంద్ర పరిచయం చివాట్లతోనే మొదలైంది. నగరిలో మరమగ్గాల ఇంట్లో పుట్టినవాడు కదా, డైవర్ల సిలిండర్లకు గాలి నింపే మిషన్లు తయారుచేసే నాయుడుపేట ఫ్యాక్టరీలో చేరిన రోజే, గాలిని వడకట్టే మెంబ్రేన్ గొట్టంలో వెంట్రుకల్లాంటి బోలు దారాలు చూసి, ఇది ఎన్నో నంబరు నూలని అడిగాడు. అడిగి ఊరుకున్నాడా, వట్టి చేత్తో ముట్టుకున్నాడు. క్వాలిటీ ఇంజినీరు నందిత అతన్ని అప్పటికప్పుడు షెడ్డు బయట నిలబెట్టింది. ఆ కోపపు కళ్లు అతనికి తెగ నచ్చేశాయి.

ఆ దారాల సంగతి తర్వాత ఆమే నేర్పింది. గాలిని ఒత్తిడితో పంపితే ఆక్సిజన్ తొందరగా దారం గోడలోంచి బయటికి జారుకుంటుందట. నైట్రోజన్ చాలావరకు లోపలే మిగిలి అటు చివర నుంచి పోతుంది. జారిన ఆక్సిజన్‌కు మామూలు గాలి కలిపి, ముప్పై రెండు శాతానికి తెచ్చి సిలిండర్లలో నింపితే, డైవర్లు సముద్రం అడుగున ఇంకాసేపు ఉండొచ్చు. మొదటిసారికే అర్థమైనా హేమచంద్ర మూడుసార్లు చెప్పించుకున్నాడు.

ఆయుధ పూజ రోజున అతను సొంతంగా బిగించిన మొదటి మిషన్‌కు పరీక్ష. నెగ్గితే ఉద్యోగం పర్మినెంటు. పోతే నగరికి తిరుగు ప్రయాణం, నందిత ఇక కనబడదు.

అందుకే పూజ కాస్త ఘనంగా చేశాడు. గాలి వేడెక్కాలని మిషన్‌ను ముందే ఆన్ చేసి ఉంచారు. అతను భక్తి ఎక్కువై సాంబ్రాణి పళ్లెం తెచ్చి సరిగ్గా గాలి పీల్చే గొట్టం ముందు పెట్టాడు. దేవుడికి వెళ్లాల్సిన పొగంతా సర్రున అందులోకి పోయింది. మిగతావాళ్లు హారతికి కళ్లు మూసుకుని ఉన్నారు.

సిలిండర్ నిండింది. మీటరు ముప్పై రెండు చూపించింది. మీటరుకు వాసన తెలీదు. నందితకేమో ఆరోజు ముక్కు దిబ్బడ. మర్నాడు పాండిచ్చేరిలో ఒక డైవర్ దాన్ని వీపున కట్టుకుని నీళ్లలో దిగుతాడు. రిపోర్టు మీద సంతకానికి ఆమె పెన్ను మూత తీసింది.

“సంతకం పెట్టొద్దండి మేడమ్. గొట్టం ముందర సాంబ్రాణి వేసినాను. పొగ లోపలికి పోయింది. తప్పు నాదే.”

నందిత పెన్ను మూత పెట్టేసింది. వాచ్‌మన్ చిన్నబ్బను పిలిచి, వాల్వు కొంచెం తిప్పి, వాసన చూడమంది. ఆయన కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించాడు.

సిలిండర్ ఖాళీ చేసి, ఫిల్టర్లూ మెంబ్రేనూ మార్చి మళ్లీ పరీక్షించేసరికి సాయంత్రమైంది. మేనేజర్ గిరిప్రసాద్ రిపోర్టు చదివి, నవ్వు ఆపుకుని, ఇంకో మూడు నెలలు ట్రైనీగానే ఉండమన్నాడు.

గేటు దగ్గర వాన పట్టుకుంది. ఒకే గొడుగు, అదీ నందితది.

“చెప్పకుంటే పర్మినెంటు అయ్యుందువు కదా. ఎందుకు చెప్పినావు?”

“ఇంకెవరైనా అయితే రెండు నిమిషాలు ఆలోచించి చెప్పేవాణ్ని. మీరు సంతకం పెడతా ఉంటే నా వల్ల కాలేదు. మీరంటే నాకు శానా ఇష్టం. అది కూడా దాచుకోలేకున్నాను.”

నందిత గట్టిగా తుమ్మింది. గొడుగు అతని వైపు కొంచెం జరిపింది.

“మా నాయనకు దాపరికాలంటే గిట్టవు. ఆదివారం తిరుపతిలో మా ఇంటికి వచ్చి ఈ మాట ఆయన ముందర చెప్పు. ఆడ మాత్రం నన్ను మేడమ్ అనొద్దు, పెళ్లి కాకముందే నేను భయపెట్టినానని అనుకుంటాడు.”