ఇసుక దిబ్బ మీద మొగిలి

మెటాడోర్ వ్యాను ఆగీ ఆగకముందే విజయ కిందికి దూకింది. అబ్బో, ఎన్ని నీళ్లో! వరంగల్ కొత్తవాడ నుంచి తిరుపతి పోతూ, చీరాల దాటాక డ్రైవరు సముద్రం చూపిద్దామని ఆపాడు. మగ్గం నేసే ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు సముద్రం చూడలేదు.

ఒడ్డున జాలర్లు పాట పాడుతూ పెద్ద వల తాడు లాగుతున్నారు. విజయ వాళ్ల బాపు నర్సింగం ఊరుకుంటాడా? నవ్వుతూ వెళ్లి తనూ తాడు పట్టుకున్నాడు.

"నీళ్లల్లకు పోకు. తమ్మున్ని ఇడువకు," అంది అమ్మ.

విజయ విన్నది. కానీ మోకాలి లోతు పాయకు అవతల ఒక ఇసుక దిబ్బ, దాని నిండా గవ్వలు! నాలుగేళ్ల తమ్ముడు మొగిలిని చంకనెత్తుకుని పాయలో దిగింది. చేపల గంపతో పోతున్న ఒకామె చూసి కేకేసింది.

"అటెళ్లకమ్మా! పోటొచ్చే వేళయింది, నీళ్లు పెరుగుతాయి!"

విజయకు నవ్వొచ్చింది. వాన లేకుండా నీళ్లెట్లా పెరుగుతాయి? తమ ఊరి వడ్డేపల్లి చెరువు ఎప్పుడైనా అట్లా పెరిగిందా?

గవ్వలు గౌను ఒడిలో పట్టలేదు. "ఈడనే కూసో. సంచి తెస్త," అని మొగిలికి చెప్పి వ్యాను దగ్గరికి ఉరికింది.

"తమ్ముడేడే?" అడిగింది అమ్మ.

"బాపు తాన ఉన్నడు."

అమ్మ నమ్మింది. కూర్చోబెట్టి పులిహోర పెట్టింది. విజయ గబగబా తిని, సంచి పట్టుకుని తిరిగొచ్చింది.

పాయ వెడల్పయిపోయింది. నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. దిబ్బ చాపంతే మిగిలింది. దాని మీద మొగిలి నిలబడి, "అక్కా! అక్కా!" అని ఏడుస్తున్నాడు.

విజయ అటూ ఇటూ చూసింది. అరిస్తే అమ్మకు తెలిసిపోతుంది. వీపు చింతపండే! ఎవరూ చూడకముందే తానే తెచ్చేస్తే? నీళ్లలో దిగింది. నాలుగడుగులకే నడుము దాటింది. కాళ్ల కింద ఇసుక జారింది. ఉప్పునీళ్లు మింగి, ఎట్లాగో పాకుతూ ఒడ్డున పడింది. అప్పుడే ఒక అల దిబ్బ మీదికెక్కింది. మొగిలి పడిపోయాడు.

"బాపూ! తమ్ముడు! నీళ్లల్ల తమ్ముడు!"

జాలర్లు తాడు వదిలేశారు. ఇద్దరు నీళ్లలో దూకారు. బాపు కూడా దూకబోతే మిగతావాళ్లు గట్టిగా పట్టుకున్నారు. ఆయనకు ఈత రాదు. మొగిలి తల ఒకసారి కనిపించింది. మళ్లీ కనిపించలేదు.

కాసేపటికి ఒక జాలరి భుజం మీద మొగిలి దగ్గుతూ, నీళ్లు కక్కుతూ వచ్చాడు. అమ్మ వాణ్ణి గుండెకు అదుముకుని గొల్లుమంది. తర్వాత బాపు వైపు తిరిగింది.

"నీ తాన్నే ఉండె గదా! జర కన్నేసి ఉంచొద్దా?"

బాపు ఇసుకలో కూలబడ్డాడు. "వాడు నా తానికి ఎప్పుడొచ్చిండో సూడనే లేదే. తప్పు నాదే," అని ఏడ్చాడు. బాపు ఏడవడం విజయ ఎన్నడూ చూడలేదు.

అమ్మ విజయ తల నిమిరింది. "నువ్వు సూడబట్టి బతికిండు బిడ్డా."

గంప ఆమె ఎప్పుడో వెళ్లిపోయింది. మొగిలి దగ్గుతూనే ఉన్నాడు. ఎవరికీ ఏమీ తెలియదు. విజయకు ఇందాకటి కంటే ఎక్కువ భయమేసింది.

"బాపు తప్పు కాదమ్మా," అంది. "వాడు బాపు తానికి పోనే లేదు. నేనే దిబ్బ మీదికి తీస్కపోయిన. నీకు అబద్ధం చెప్పిన."

అమ్మ చెయ్యి ఆమె తలమీదే ఆగిపోయింది. విజయ కళ్లు గట్టిగా మూసుకుంది. కానీ వెనక్కి జరగలేదు.