తడిగాలిలో అంబరు రాయి

"ఏవండీ, అది నా కుప్ప."

ఆమె తల ఎత్తింది. పొట్టి జుట్టులోంచి చినుకులు కారుతున్నాయి. "కుప్పకు కంచె వేశారా?"

"మోకాళ్ళు ఆనించాను. ఇక్కడ అంతే."

డెన్మార్క్‌లోని మా యూట్లండ్ పడమటి తీరంలో తుఫాను వెలిసిన పొద్దున సముద్రం నల్లటి పుల్లల్ని కుప్పలుగా ఒడ్డుకు తోస్తుంది. వాటిలో అంబరు దొరుకుతుంది. ఏనాటి చెట్ల జిగురో రాయిగా గట్టిపడినది. ముందు మోకాళ్ళు ఆనించినవాడిదే కుప్ప. అతను లేచేదాకా ఇంకొకరు చెయ్యి పెట్టరు.

ఆమె పేరు గుద్రున్. నాలుగు నెలల కోసం మా ఊరి బడికి ఫిజిక్స్ చెప్పడానికి వచ్చింది. రేపు పొద్దున బస్సెక్కుతుందని కొట్లో అనుకుంటుంటే విన్నాను. ఈ నాలుగు నెలలూ, గాలివాన వెలిసినప్పుడల్లా, ఆమెను తీరం మీద దూరంనుంచి చూస్తూనే ఉన్నాను. దగ్గరైతే నేనే ఇసుక తిన్నెల వైపు తప్పుకునేవాణ్ణి. గొర్రెలతో తప్ప మాట్లాడే అలవాటు పోయింది నాకు.

ఈరోజు తప్పుకోలేదు.

ఆమె గుప్పిట విప్పింది. చిన్న బంగాళాదుంపంత ముద్ద, తేనె రంగు.

"ఇటివ్వండి." స్వెటర్ మీద గట్టిగా రుద్ది, జేబులోని గడ్డిపరక దగ్గర పెట్టాను. అంబరైతే పరకను లాగాలి. పరక కదల్లేదు. "చెకుముకి రాయి," అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "ఈ చినుకులో ఎలా కదులుతుందండీ? రుద్దితే ఉన్నిలోని ఎలక్ట్రాన్లు కొన్ని రాయికి చేరతాయి. ఈ తడికి అవి నిలవవు, జారిపోతాయి. పొడి చోటు కావాలి."

"మా వంటింట్లో పొయ్యి ఉంది."

అనేశాక చెవులు వేడెక్కాయి. ఆమె నన్నూ, సముద్రాన్నీ చూసి, "కాఫీ కూడా ఉందా?" అంది.

ఉంది. కప్పు మాత్రం ఒక్కటే. ఆమెకు అందులో పోసి, నేను గిన్నెలో తాగాను. రెండో కుర్చీ మీద నాలుగేళ్ళుగా ఉన్ని మూటే కూర్చుంటోంది. దాన్ని దించి నేల మీద పెట్టాను.

"దాని చోటు లాక్కున్నానా?"

"అదేమీ అనుకోదు."

రాయీ, నా స్వెటరూ పొయ్యి పక్కన ఆరాయి. ఆమె దాన్ని నా మోచేతి మీదే రుద్ది, బల్ల మీది గడ్డిపరకకు చూపించింది. పరక వణికి, లేచి, రాయికి అంటుకుంది.

"అంబరే," అన్నాను.

"అంబరే అని మీకు తీరం మీదే తెలుసు. చేతిలో దీనికి బరువే లేదు, చెకుముకి అయితే తెలిసిపోదూ? తోర్కిల్‌గారూ, ఎన్నేళ్ళనుంచి ఏరుతున్నారు?"

"ఇరవై."

"ఇరవై ఏళ్ళలో వానలో రుద్దకూడదని తెలీలేదా?"

నేను గిన్నెలోని కాఫీలోకి చూశాను. "తెలుసు."

ఆమె నవ్వలేదు. కప్పును బల్ల మీద మెల్లగా తిప్పింది. "హెడ్‌మిస్ట్రెస్ ఇంకో ఏడాది ఉంటావా అని అడిగింది. రేపు పొద్దున్నే చెప్పాలి. నాలుగు నెలల్లో ఊళ్ళో అందరూ గుడ్ మార్నింగ్ చెప్పారు. ఉండమని మాత్రం ఎవరూ అనలేదు."

బయట గాలి. పొయ్యిలో కట్టె చిటపటమంది. రాయికి అంటుకున్న పరకనే చూస్తూ కూర్చున్నాను.

"ఈ పరకను ఎవరూ రుద్దలేదు కదా," అన్నాను చివరికి. "ఇదెందుకు వెళ్ళింది?"

ఆమె టీచరైపోయింది. "దానిలో రెండు రకాల విద్యుదావేశాలూ సరిసమానంగా ఉంటాయి, అందుకే ఏమీ లేనట్టు పడుంటుంది. రాయి దగ్గరకొస్తే లోపల ఒక రకం వెంట్రుకవాసి ఇటు, ఇంకోటి అటు జరుగుతాయి. బయటికేమీ కనిపించదు. దగ్గరికి జరిగింది గట్టిగా లాగుతుంది. అంతే."

"రాయి దూరమైతే?"

"మళ్ళీ మామూలే. ఏమీ జరగనట్టు."

గిన్నె కింద పెట్టాను.

"నాకు అలా మామూలవ్వాలని లేదు," అన్నాను. "ఉండు, గుద్రున్."

ఆమె చెయ్యి చాచి, నా స్వెటర్‌కు పట్టిన ఉన్ని పీచును తీసింది. అది ఆమె వేలిని వదల్లేదు. ఊదింది, పోలేదు.

"ఈ ఒక్క మాట చెప్పడానికి అబద్ధపు పరీక్ష చేస్తావా నువ్వు?" అంది. "రేపు బడికి నడిచేటప్పుడు నాతో రా. వంద అడుగుల దూరంలో కాదు, పక్కన."

ఆమె వెళ్ళాక ఉన్ని మూటను కొట్టంలో పెట్టి వచ్చాను. ఆ కుర్చీ మళ్ళీ దానికి దక్కలేదు.