సున్నపుబట్టీ దగ్గర ఎడమ చెయ్యి

వడమాలపేట దాటి పుత్తూరు వైపు పోతుంటే, కొండ కింద ఒక పాడుబడ్డ సున్నపుబట్టీ ఉంది. పొద్దు గూకితే అటు గొర్రెల్ని కూడా తోలరు.

ఎప్పుడో ఆ బట్టీలో పనిచేసే తిరుమలమ్మ అనే ఆమె కుడిచెయ్యి ఉడికే సున్నంలో పడి కాలిపోయిందట. అరిచిందట... అరిచిందట... ఎవరూ రాలేదట. అక్కడే ప్రాణం విడిచింది. అప్పట్నించీ చీకట్లో పోయేవాళ్ళకి చెయ్యి చాస్తుందని చెబుతారు. అదీ ఎడమచెయ్యి! మర్యాద తెలిసినవాళ్ళెవరైనా ఎడమచెయ్యి చాస్తారా, అది దెయ్యం కాకపోతే మరేంటి అని మా ఓబయ్య మామ వాదన. నేను దెయ్యాల్ని నమ్మను. అలాగని సాయంత్రమైతే ఆ దారిన బండి తోలను, అది వేరే సంగతి.

ఇప్పుడు చెప్పబోయే కథ నాకు చెప్పింది అనీసా మేడమ్. మా బడిలో లెక్కల టీచరు, ఆడపిల్లల గైడ్స్ దళానికి కెప్టెన్ కూడా ఆమే.

గైడ్స్‌లో పైకి పోవాలంటే మెట్టుమెట్టుకీ పరీక్షే. ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్... మెట్టుకో బ్యాడ్జీ. దానికోసం మా పిల్లలు పడే తపనలో సగం పదో తరగతి పరీక్షలకి పడితే మా బడి పేరు మోగిపోయేది.

తొమ్మిదో తరగతి బుష్రాకి ఆ పిచ్చి మరీ ఎక్కువ. ఆమెకి పోటీ అంటే ఒక్క లోహితే. ప్రాణస్నేహితురాలు కూడా లోహితే. అదీ చిక్కు.

ద్వితీయ సోపాన్ పరీక్ష బట్టీకి దగ్గర్లోని మామిడితోపులో పెట్టారు. దారి పొడుగునా రాళ్ళతో బాణం గుర్తులు పేర్చి ఉంటాయి. వాటిని చూసుకుంటూ ఒక్కొక్కరే పోవాలి. అందరికన్నా తక్కువ సమయంలో చేరిన పిల్ల జట్టుకి నాయకురాలవుతుంది.

బుష్రా ముందు బయల్దేరింది, వెనకాల లోహిత. దారి రెండుగా చీలేచోట బుష్రా ఆగింది. అటూ ఇటూ చూసి... బాణాన్ని బట్టీ వైపు తిప్పేసింది. కాసేపు దారి తప్పి తిరుగుతుంది, అంతే కదా అనుకుంది.

కొంచెం దూరం పోయిందో లేదో, వెనక నించి విజిల్. పొట్టిగా, పొడుగ్గా... పొట్టిగా, పొడుగ్గా... 'ఆపదలో ఉన్నాను, రండి' అని దాని అర్థం. గైడ్స్‌లో అందరికీ నేర్పే గుర్తే అది. బుష్రా నిలబడి విన్నది. విని, నడక పెంచింది.

లోహిత బట్టీ గోతిలో పడింది. చీకటి పడుతుంటే అనీసా మేడమే వెతికి ఎత్తుకొచ్చింది. కుడిచెయ్యి విరిగింది. వెదురుబద్దలు పెట్టి పుత్తూరు కట్టు కట్టించారు. బుష్రాకి బ్యాడ్జీతోపాటు జట్టు నాయకత్వమూ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత బుష్రాకి ఇదే పని. చెప్పేద్దామని లోహిత వాకిలి దాకా పోవడం, తిరిగి రావడం. చొక్కా మీద బ్యాడ్జీ నిప్పులా ఉండేదట.

లోహితకి ఇంకా కట్టు విప్పకముందే, తృతీయ సోపాన్ శిక్షణకి అదే తోపులో డేరాలు వేశారు. చిన్నపిల్లలకి గుర్తులు నేర్పిస్తానని బతిమాలి లోహితా వచ్చింది.

ఆ రాత్రి పహరా బుష్రాది. తోడుగా ఉన్న పిల్ల గుంజకి ఆనుకుని గుర్రు పెడుతోంది. గాలి లేదు. ఆకు కదలడం లేదు.

అప్పుడు... బట్టీ వైపు నించి విజిల్.

పొట్టిగా, పొడుగ్గా... పొట్టిగా, పొడుగ్గా...

"యా అల్లా!" బుష్రా డేరాల వైపు చూసింది. లోహిత డేరాలో నిద్రపోతోంది కదా... మరి ఊదేది ఎవరు?

ఈసారి ఆమె ఆగలేదు. టార్చి పట్టుకుని నడిచింది. దారి చీలే చోట రాళ్ళ బాణం ఉంది, సరైన దిక్కుకి. బట్టీ దారికి అడ్డంగా రాళ్ళతో ఇంటూ గుర్తు—'ఇటు రావద్దు' అని. పగలు చూసినప్పుడు రెండూ లేవు!

రావద్దంటోంది రాయి. రమ్మంటోంది విజిల్. బుష్రా ఆ రాళ్ళు దాటింది.

బట్టీ గోడ... దాని కింద గొయ్యి... గట్టు మీద నల్లగా ఏదో ముడుచుకుని ఉంది. టార్చి వెలుగులోకి ఒక చెయ్యి చాపుకుంటూ వచ్చింది—

ఎడమచెయ్యి.

టార్చి జారి పడి ఆరిపోయింది. బుష్రా అక్కడే కూలబడింది.

"తిరుమలమ్మా... నన్నేం చేయొద్దు... లేదు, చేస్తే చెయ్యి. నువ్వరిస్తే ఎవురూ రాలేదంట గదా, నేనూ అట్లాంటిదాన్నే. బాణం తిప్పింది నేనే. లోహిత విజిలు ఊదితే ఇని కూడా పోయినా... బ్యాడ్జీ కోసరం పోయినా..."

చాచిన చెయ్యి నెమ్మదిగా వెనక్కి పోవడం మసగ్గా కనిపించింది.

"నేనే సూసుకోకుండా పోయినాననుకుంటి మే," అంది లోహిత గొంతు. "కండ్లు యాడ పెట్టుకుంటివని మా నాయన దినామూ తిడతా ఉండాడు."

మర్నాడు పొద్దున చిన్నపిల్లలు దారి తప్పకూడదని, ఎవరికీ చెప్పకుండా లేచి, ఎడమచేత్తోనే గుర్తులన్నీ పేర్చింది లోహిత. తను పడిన గొయ్యి ఒకసారి చూద్దామని ఇటు వచ్చింది. టార్చిలో సెల్లు అయిపోయింది. గోతి పక్కన అడుగు వేయడానికి భయమేసి విజిల్ ఊదింది. వచ్చింది బుష్రా అని చూసి, లేపమని చెయ్యి చాచింది. గైడ్స్ ఒకరితో ఒకరు కలిపేది ఎడమచెయ్యే.

తెల్లారాక బుష్రా బ్యాడ్జీ ఊడదీసి అనీసా మేడమ్ ముందు పెట్టి అంతా చెప్పింది. మేడమ్ తిట్టలేదట. బ్యాడ్జీ పోయినందుకు బుష్రా ఏడవనూ లేదట. తిరిగొచ్చిన దారి గురించి చెప్పేటప్పుడు మాత్రం వెక్కి వెక్కి ఏడ్చింది.

లోహిత గోడ పట్టుకుని తనే లేచిందట. బుష్రా తడుముకుని టార్చి వెలిగించి ముందు నడిచింది. వెనకాల లోహిత. ప్రతి బాణం దగ్గరా ఆమె ఆగింది. వంగి, ఎడమచేత్తో రాళ్ళు తడిమి, మొన ఎటుందో చూసుకుని, అప్పుడు అడుగు వేసింది.

అవన్నీ ఆ రాత్రే తను పేర్చిన బాణాలు.